స్కూటరుకు నేతి గరిటె

సుందరయ్య మాస్టారిమీద సుగుణమ్మకు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్లయిన పదిహేనేళ్లలో ఆయన స్కూటరు తిన్నంత బలమైన తిండి ఆ ఇంట్లో మరెవరూ తినలేదు. బంకులో పెట్రోలుతో పాటు కొలిచి పోసే ఆయిలు ఆయనకు ఆనదు. ఇంటికొచ్చి ఇంకాస్త పోస్తేగాని తృప్తి ఉండదు. "నెయ్యి ఎక్కువైతే అన్నానికి చేటా?" అనేవారు. తెనాలి హైస్కూల్లో ఆయన సైన్సు మాస్టారు మరి.

తొంభై ఆరులో ఆ బండి రిజిస్ట్రేషన్ గడువు ముగియవచ్చింది. ఇంకా నాలుగు రోజులుంది. పొల్యూషన్ కాగితం లేనిదే పొడిగించరు. బండి లేకపోతే, దూరాన కాలవగట్టు ఊళ్లో మంచాన ఉన్న తల్లిని ఆదివారం ఆదివారం చూసిరావడం సుగుణమ్మకు కుదరదు. ఆ గట్టుమీదికి బస్సు రాదు.

పొగ పరీక్ష చేసే రత్నం సైలెన్సర్లో గొట్టం పెట్టి మిషన్లో అంకె చూశాడు. "ఫెయిలండి మాస్టారూ. నాలుగున్నర దాటకూడదు, ఆరొచ్చింది. బాగు చేయించి తీసుకురండి, మళ్లీ మొదట్నుంచి చూస్తాను."

"నీ మిషన్‌కి జలుబు చేసినట్టుందయ్యా" అన్నారు మాస్టారు.

మర్నాడు బండికి సత్తువ చాలదేమోనని ఇంకో రెండు గరిటెలు పోసి తీసుకెళ్లారు. ఏడొచ్చింది.

"పెరిగిందేంటండి? ఏం చేశారు?"

"నేనేం చేస్తానయ్యా" అన్నారాయన, పొగలోంచి.

ఆ పూట పప్పన్నంలో నెయ్యి వడ్డించబోతే గరిటె కనపడలేదు. ఇల్లంతా వెతికాక స్కూటరు డిక్కీలో దొరికింది, నల్లగా.

"పోపులో నూనె ఎక్కువైతే ఇల్లంతా పొగే కదండీ" అంది సుగుణమ్మ. "దీంతోనా కొలుస్తున్నారు?"

మాస్టారు ఫ్యాను వంక చూస్తూ భోంచేశారు.

పొద్దున్నే గరిటె సంచిలో వేసుకుని ఆవిడ కూడా బయల్దేరింది. మెకానిక్కు లూకా ట్యాంకు ఖాళీ చేసి, ప్లగ్గు తుడిచి, సైలెన్సర్లోని మసి పేపరుమీదికి రాల్చాడు. "మీ ఇంటిల్లిపాదికీ ఏడాది కాటుకండి అమ్మగారూ" అన్నాడు. కార్బొరేటరు సరిచేసి, కొత్త పెట్రోల్లో ఆయిలు కొలిచి కలిపాడు.

మూడోసారి గొట్టం పెడితే మూడున్నర వచ్చింది. రత్నం కాగితంమీద ముద్ర వేశాడు.

ఆ కాగితాన్ని సుగుణమ్మ బైబిల్లో పెట్టుకునే ఉత్తరంలా మడిచింది. బూరెల డబ్బా రత్నం ముందు పెట్టింది. "మొదటి రోజే పోనీలెమ్మని రాసిచ్చుంటే ఏదో ఒకనాడు గట్టుమీద ఆగిపోయేవాళ్లం బాబూ. మా అమ్మ నా కోసం గుమ్మంవంకే చూస్తూ ఉండేది. నువ్వు చల్లగా ఉండాలి."

"పనంతా లూకాదేనండి, నాదేముంది" అని రత్నం మాస్టారివైపు తిరిగాడు. "ఇంతకీ లోపం ఎక్కడండి? ఇంకొకళ్లకి చెప్పడానికి పనికొస్తుంది."

మాస్టారు గొంతు సవరించుకుని రోడ్డువైపు చూశారు. సుగుణమ్మ సంచిలోంచి గరిటె తీసి బూరెల పక్కన పెట్టింది.

ఆయన ఆ గరిటె అందుకుని అన్నారు. "నీ మిషన్‌ది కాదయ్యా. తప్పు నాదే."