గాలి పైపు మీద కాలు

మా ఇంట్లో నన్ను భోజనానికి పిలిచే దిక్కు లేక ఆరు నెలలైంది. వెనక గదిలో నా పనిలో నేనుంటాను. ఆకలి వేసి, చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్తే గిన్నెల మీద మూతలు పెట్టి ఉంటాయి. తల్లీకూతుళ్లు తినేసి ఎవరి పనిలో వాళ్లుంటారు. ఇదేమిటని అడిగితే పిలిచామంటారు. ఎప్పుడు పిలిచారో ఆ గోడలకే తెలియాలి. ఇరవయ్యెనిమిదేళ్లు బస్సులకు రంగులు కొట్టి ఈ సంసారాన్ని లాక్కొచ్చిన మనిషికి చివరికి మిగిలింది చల్లారిన కూర. కంప్రెసర్ గొడవ మొదలయ్యేనాటికే నా మనసు సరిగ్గా లేదని చెప్పడానికే ఇదంతా.

బస్సుల బాడీలు కట్టే షెడ్డు మూసేశాక ఇంటి వెనక గదిలో పని పెట్టుకున్నాను. జనం పాత కుర్చీలు, బల్లలు, అల్మారా తలుపులు తెస్తారు. గీకి, పుట్టీ పట్టించి, నునుపు చేసి, స్ప్రే కొట్టి ఇస్తాను. గన్నుకు గాలి కావాలి, గాలికి కంప్రెసర్ కావాలి. షెడ్డు నుంచి తెచ్చుకున్న పాతది ఒకటి ఉంది, బెల్టుతో తిరిగేది. అది మొదలైతే వంటింట్లో గరిటెలు కదులుతాయని నా భార్య అంటుంది. నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి ఉద్యోగం ముందు గదిలో. ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్లకి ఏ డాక్టరు దగ్గరికి ఎన్నింటికి రావాలో చెప్పడం. ఒకరోజు ఫోన్లో ఎవరో పెద్దావిడ, "అమ్మా, నువ్వు పిండి మిల్లులో కూర్చున్నావా?" అని అడిగిందట. దాని పై ఆఫీసరు ఇప్పటికి రెండుసార్లు హెచ్చరించింది. మూడోసారి చప్పుడు వినబడితే రోజూ ఆఫీసుకే రావాలి. పోవడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. దాంతో నా భార్య తేల్చి చెప్పేసింది. నెలాఖరులోగా చప్పుడు చేయని మిషను తెచ్చుకోవాలి, లేదంటే గది ఖాళీ చేయాలి.

గది ఖాళీ చేసి నేనేం చెయ్యాలి? వసారాలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టుకోవాలా? గన్ను పట్టుకున్నంతసేపే నేను మనిషిని. ఆ మాట పైకి అనలేదు. అంటే దానికీ ఏదో సమాధానం చెబుతారు.

అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి డెసిబెల్స్ అని ఏవో అంకెలు చూపించింది. కంపెనీవాళ్లు మిషనుకు నాలుగు మీటర్ల దూరంలో కొలిచి తక్కువ అంకె రాస్తారట, దాన్ని నమ్మకూడదట. ఆదివారం దాకా ఆగితే తనూ వస్తానంది. నాకు ఒళ్లు మండింది. కంప్రెసర్ల మధ్య ముసలివాణ్ణయిన నాకు, గన్ను ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని పిల్ల పాఠం చెప్పడం. నాకు చెవులున్నాయి, అంకెలక్కర్లేదని చెప్పి, గురువారం పొద్దున్నే పుట్టీని వెంటబెట్టుకుని బయల్దేరాను.

పుట్టీ అంటే షెడ్డులో నాతో పనిచేసినవాడు. వాడు పుట్టీ పట్టిస్తే నేను రంగు కొట్టేవాణ్ణి. అసలు పేరు వాడి పెళ్లాం కూడా మర్చిపోయుంటుంది. షెడ్డులో మాకు నోటితో పని ఉండేది కాదు. నాలుగు కంప్రెసర్లు ఒకేసారి తిరుగుతుంటే ఎవడి మాట ఎవడికి వినబడుతుంది? అంతా సైగలే. అరచెయ్యి బోర్లించి గాల్లో నిమిరితే పని నున్నగా వచ్చిందని అర్థం. స్ప్రే కొట్టేవాణ్ణి పిలవాలంటే వెనకనుంచి వెళ్లి వాడి గాలి పైపు మీద కాలేసి తొక్కేవాళ్లం. గన్ను ఊపిరి పడిపోయేది, వాడు తిట్టుకుంటూ వెనక్కి తిరిగేవాడు. ఆ తిట్లూ వినబడేవి కావు, పెదాలు చూసి నవ్వుకునేవాళ్లం.

మూడు షాపులు తిరిగాం. మొదటిచోట చూపించిన బుల్లి మిషను బొమ్మలకు రంగులేసుకోవడానికి పనికొస్తుంది, కుర్చీకి ఒక్క కాలు కొట్టేసరికి ఆయాసపడుతుంది. రెండోచోట షాపువాడు మమ్మల్ని చూసి లేవలేదు, మేమూ నిలబడలేదు. మూడోది పెద్ద రోడ్డు మీద, లారీలు తిరిగేచోట. ఆ షాపాయన మంచివాడే కానీ మాట నోట్లోనే నమిలేస్తాడు. ఈ మధ్య అందరికీ అదో జబ్బయింది, నోరు తెరిచి మాట్లాడేవాడు లేడు. ఎర్రటి మిషనొకటి చూపించి ఏదో గొణిగాడు, పక్కనున్న బరువైనదాన్ని చూపించి ఇంకేదో గొణిగాడు. ముందు ఎర్రదాన్ని ఆన్ చెయ్యమన్నాను.

గాలి మీటరు ముల్లు చకచకా పైకి లేచింది. గన్ను తగిలించి అట్టముక్క మీద కొట్టి చూశాను. గాలి ఎక్కడా తగ్గలేదు. ఇక చప్పుడంటారా, ఎక్కడో పక్క వీధిలో మోటారు తిరుగుతున్నట్టుంది. నేను పుట్టీవైపు చూశాను. వాడు అరచెయ్యి బోర్లించి గాల్లో నిమిరాడు. మరలు కొనుక్కుంటున్న ఒకాయన ఎందుకో మావైపు అదోలా చూసి బయటికి వెళ్లిపోయాడు. షాపాయన మళ్లీ ఏదో చెప్పబోయాడు. ఇదే కట్టమని చెయ్యి ఊపాను.

ఇంటికి తెచ్చి, గదిలో దించి, స్విచ్చి వేసి, నా భార్యని కేకేశాను. ఎంత హాయిగా తిరుగుతోందో చూడమని చెబుదామని. ఆవిడ రెండు చెవులూ మూసుకుని వచ్చింది. మొదట వేళాకోళం అనుకున్నాను. వెనకే అమ్మాయి వచ్చింది, హెడ్‌ఫోన్లు చేతిలో ఉన్నాయి, ముఖం పాలిపోయింది. నేరుగా వచ్చి స్విచ్చి ఆపేసింది. అవతల ఫోన్లో ఉన్నది పై ఆఫీసరేనట. బతిమాలితే వారం గడువిచ్చిందట.

నాకు పిచ్చికోపం వచ్చింది. తల్లీకూతుళ్లు కూడబలుక్కుని నన్ను గదిలోంచి గెంటడానికి నాటకమాడుతున్నారన్నాను. పుట్టీ కూడా విన్నాడు, వాడికి ఇందులో ఏం లాభమని అడిగాను. మర్నాడంతా ఆ మిషనుతో కుస్తీ పట్టాను. కింద పాత పరుపు మడిచి వేశాను. చుట్టూ చెక్కపెట్టె కట్టి లోపల దుప్పట్లు కుక్కాను. ఇరవై నిమిషాలకు మోటారు వేడెక్కి కమురు వాసన వచ్చింది. పెట్టె పీకి అవతల పారేసి నేల మీద కూలబడ్డాను. మంచి మిషనును ఇంట్లోవాళ్ల చెవుల కోసం చంపుకుంటున్నానని ఏడుపొచ్చినంత పనైంది.

అమ్మాయి ఎప్పుడొచ్చిందో, ఎదురుగా నిలబడి ఉంది. పోట్లాడటానికి వచ్చిందనుకున్నాను.

"నాన్నా, ఒక్కసారి గోడవైపు తిరిగి నిలబడు. మిషను వేసి నేను పిలుస్తాను. పిలిచినప్పుడల్లా చెయ్యెత్తు. అంతే."

చిన్నపిల్లల ఆటలేమిటని విసుక్కున్నా లేచి నిలబడ్డాను. తన నోరు మూయించడానికి ఇదే మార్గమనుకున్నాను. గోడకు ముఖం పెట్టి నిలబడ్డాను. మిషను మొదలైంది, అదే పక్క వీధి మోటారు. ఎదురుచూశాను. గోడ మీద పాత రంగు చుక్కలు లెక్కపెట్టాను. ఎంతసేపటికీ పిలవదే. ఇక చాలు అనుకుని విసురుగా వెనక్కి తిరిగాను.

అమ్మాయి నా వెనక రెండడుగుల దూరంలో ఉంది. కళ్లనిండా నీళ్లు. గుమ్మంలో నా భార్య చెవుల మీద చేతులతో నిలబడి ఉంది. అమ్మాయి స్విచ్చి ఆపింది.

"ఐదుసార్లు పిలిచింది," అంది నా భార్య. "మిషను లేనప్పుడు కూడా మీరు సగం సగమే వింటున్నారు. పిల్ల రోజూ ఈ గుమ్మంలో నిలబడి భోజనానికి రమ్మని పిలిచి పిలిచి వెనక్కొస్తోంది. కోపంతో పలకడం లేదనుకున్నాం."

నేను అక్కడే పీట మీద కూర్చుండిపోయాను. షెడ్డు గుర్తొచ్చింది, నాలుగు కంప్రెసర్లు గుర్తొచ్చాయి. గాల్లో నిమిరిన పుట్టీ చెయ్యి గుర్తొచ్చింది. ఇద్దరు చెవిటివాళ్లం కలిసి వెళ్లి చప్పుడు లేని మిషను ఎంచుకొచ్చాం. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. నిజానికి సిగ్గేసింది. ఆరు నెలలుగా ఈ పిల్ల మీద అలిగాను. ఈ పిల్ల నా మీద అలిగి ఉంటే తప్పు లేదు, కానీ రోజూ వచ్చి పిలిచింది.

ఆదివారం అమ్మాయీ నేనూ ఎర్రదాన్ని ఆటోలో వేసుకుని ఆ షాపుకే వెళ్లాం. అమ్మాయి ముందే చెప్పినట్టుంది, షాపాయన ఈసారి నా ముఖం ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడాడు.

"ఆ రోజే చెప్పానండీ, గాలి బాగుంటుంది గానీ ఇది గోల మిషనని. ఇంట్లోకైతే ఆ బరువైనది తీసుకోమన్నాను. మీరు చెయ్యి ఊపేశారు."

బరువైనదానికి రెండు సిలిండర్లు, మోటారు నెమ్మదిగా తిరుగుతుంది, కాళ్లకు లావుపాటి రబ్బరు బిళ్లలున్నాయి. అమ్మాయి మిషనును షాపు వెనక గోదాములో పెట్టించింది, అక్కడైతే లారీల గోల ఉండదని. మా వెనక గది నుంచి ముందు గదికి పన్నెండు అడుగులట. అన్ని అడుగులు లెక్కపెట్టి నడిచి, కళ్లు మూసుకుని నిలబడింది. మొదట ఎర్రది, తర్వాత బరువైనది. నాకు రెండూ పక్క వీధి మోటార్లే. పిసరంత తేడా తెలియలేదు. నా పనికి కావలసిన వస్తువు ఇంకొకరి చెవులతో కొనుక్కోవలసిన రోజు వచ్చింది. అక్కడున్న గన్ను తీసుకుని గాలి మాత్రం నేను చూశాను. గాలి బాగుంది. అమ్మాయి కళ్లు తెరిచి, ఇదే అంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో, గురువారం నాలుగింటికి చెవుల డాక్టరు దగ్గర నా పేరు రాయించానని చెప్పింది. నన్ను అడగకుండా ఎలా రాయించావని కసిరాను. నా కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. ఆ కసురు పట్టించుకోకుండా, షెడ్డులో మీరు ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకునేవాళ్లని అడిగింది. చెప్పాను. చెప్పినంతసేపూ నా ముఖమే చూస్తూ వింది.

బుధవారం ఒక చేతుల కుర్చీకి ఆఖరి కోటు కొడుతున్నాను. తేనె రంగు, చెయ్యి ఏమాత్రం ఆగకూడదు. ముందు గదిలో అమ్మాయి ఫోన్లలో ఉంది, పొద్దుటినుంచి ఎవరూ వచ్చి స్విచ్చి ఆపలేదు. కుడి చెయ్యి పూర్తయ్యేలోగా గన్ను ఊపిరి ఠక్కున పడిపోయింది. రంగు తుంపర తుంపరగా ఉమ్మి కుర్చీ చేతి మీద మచ్చలు పడ్డాయి. కొత్త మిషను అప్పుడే చచ్చిందనుకుని, నోటికొచ్చిన తిట్టు తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను.

అమ్మాయి గాలి పైపు మీద రెండు కాళ్లూ వేసి నిలబడి ఉంది. హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి. నా పెదాలు చూసి తిట్టేమిటో తెలిసినట్టుంది, నవ్వుతోంది. ఐదు వేళ్లూ కలిపి నోటి దగ్గర పెట్టి చూపించింది.

కుర్చీ చెయ్యి మళ్లీ గీకాలి, మళ్లీ కోటు కొట్టాలి. సాయంత్రం దాకా దానికే సరి. గన్ను కొక్కేనికి తగిలించి చేతులు కడుక్కున్నాను. వంటింట్లో గిన్నెల మీద మూతలు తీసే ఉన్నాయి. కూర వేడిగా ఉంది.