బంతి బయటికి తన్నని రోజు

అది గోలు కాదు. వల ఊగింది, రెఫరీ ఈల వేశాడు, బోర్డు మీద అంకె మారింది, అయినా అది గోలు కాదు. ఏప్రిల్‌లో స్టేడియం మెట్ల మీద కూర్చుని సిద్ధయ్య ఈ మాట అనుకున్నాడు. ఇప్పుడు సెప్టెంబరులో, బస్రా వెళ్లే బస్సులో కిటికీ పక్కన, ఒళ్లో సంచీ పెట్టుకుని మళ్లీ అదే అనుకుంటున్నాడు. మధ్యలో ఒక దేశం చేతులు మారిపోయింది. ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. తెలుగువాళ్లుండే పేట అబ్బాసియాలో హోటళ్లు, కుట్టు అంగళ్లు మూతపడ్డాయి. మనవాళ్లంతా బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ దారి పట్టారు. అయినా తన బుర్ర ఆ ఒక్క గోలు చుట్టూ తిరుగుతోంది. ఎందుకో అతనికి తెలుసు. నొప్పి పెట్టే పన్నును తాకలేక నాలుక దాని పక్క పన్నునే తడుముతూ ఉంటుంది. ఆ గోలు పక్క పన్ను.

అమీర్ కప్పు సెమీఫైనల్ అది. ఓడినవాడు ఇంటికి పోవాల్సిందే, ఇంకో ఆట లేదు. సిద్ధయ్యకు అలాంటి ఆటలంటేనే ఇష్టం. లీగులో ఇంకో శుక్రవారం ఉంటుంది. ఇంకో శుక్రవారం ఉందని తెలిసినవాడు మర్యాదగానే ఆడతాడు, దెబ్బ తిన్నవాడికి చెయ్యి అందిస్తాడు, నవ్వుతాడు. ఈ ఆటతో అంతా అయిపోతుందన్నప్పుడే మనిషి బయటపడతాడు. చిన్నప్పుడు ఊళ్లో, నందలూరు రైల్వే గ్రౌండులో గోడెక్కి కూర్చుని చూసిన రోజుల నుంచీ అతని నమ్మకం ఇదే. అక్కడ లోకో షెడ్డు జట్టులో ఒక ఫిట్టరు ఉండేవాడు. ఫైనల్లో తన చేతికి బంతి తగిలిందని, రెఫరీ చూడకపోయినా, తనే చెప్పి గోలు వదులుకున్నాడు. షెడ్డు ఓడిపోయింది. ఆ ఫిట్టరు ముఖం సిద్ధయ్యకు ఇప్పుడు గుర్తులేదు. మైదానం మధ్యలో నిలబడిన ఆ తీరు మాత్రం, తర్వాత తాను చూసిన ప్రతి ఆటగాడికీ కొలబద్ద అయింది.

ఏప్రిల్‌లో ఆ కొలబద్దకు బదర్ అందలేదు.

బదర్ సిద్ధయ్య పనిచేసే ఇంటి కొడుకు. జహ్రాలో ఆ ఇంటికి సిద్ధయ్య డ్రైవరుగా వచ్చేనాటికి వాడికి పదమూడేళ్లు. పదకొండేళ్లపాటు ప్రాక్టీసుకు తీసుకెళ్లడం, నీళ్ల సీసాలు మోయడం, గేటు దగ్గర కారు ఆపుకుని ఎదురుచూడడం సిద్ధయ్య పని. బూట్ల లేసులు కట్టుకోవడం సరిగ్గా రాని వాడు క్లబ్బులో మొదటి పదకొండు మందిలోకి ఎదిగితే, తానే పెంచినట్టు గర్వపడ్డాడు. గెలిచిన రోజున బదర్ వెనక సీట్లో కాక ముందు సీట్లో కూర్చునేవాడు. వీధి మలుపులో సిద్ధయ్య మూడుసార్లు హారన్ కొట్టేవాడు. ఆ హారన్ వినబడగానే వాడి తల్లి, అరబ్బీలో అమ్మను పిలిచినట్టు అందరూ మామా అని పిలిచే ఆవిడ, మేడమీది కిటికీ తెరిచేది.

సెమీఫైనల్లో ఎనభై మూడో నిమిషం. అవతలి జట్టు డిఫెండరు మోకాలు పట్టుకుని పడిపోయాడు. బంతి బదర్ దగ్గరుంది. ఎవరైనా అలా పడిపోతే, బంతి ఎవరి దగ్గరుంటే వాళ్లు దాన్ని గీత బయటికి తన్నేస్తారు. ఆట ఆగుతుంది, స్ట్రెచరు వస్తుంది. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. లేదు కాబట్టే అది అసలైన రూలని సిద్ధయ్య అభిప్రాయం. బదర్ పడిపోయినవాణ్ణి చూశాడు. చూశాడని మెట్ల మీద కూర్చున్న సిద్ధయ్యకు కనబడింది. చూసి, వాడి పక్కనుంచే పోయి గోలు కొట్టాడు.

ఆ రోజు కారు వీధి మలుపు తిరిగింది. హారన్ మోగలేదు.

"హారన్ కొట్టవా సిద్ది?" అన్నాడు బదర్ నవ్వుతూ.

"నువ్వు గోలు కొట్టి ఉంటే కొట్టేవాణ్ణి."

బదర్ నవ్వు కొంచెంసేపు అలాగే ఉండి ఆరిపోయింది. "నువ్వు మెట్ల మీదున్నావు. లోపల కాళ్లు ఆలోచించవు సిద్ది."

"కళ్లు చూస్తాయి కదా. నువ్వు చూశావు."

మరుసటి రోజు నుంచి బదర్ వెనక సీట్లో కూర్చున్నాడు. ఫైనల్లో పెనాల్టీలతో ఓడిపోయి వచ్చిన రోజు కూడా వెనక సీట్లోనే. అద్దంలో వాడి కళ్లు ఎర్రగా ఉండడం చూసి సిద్ధయ్యకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం తృప్తి కలిగింది. ఆ తృప్తి ఇప్పుడు గుర్తొస్తే సిగ్గేస్తోంది.

"ఏం సిద్ధయ్యన్నా, గోడతో మాట్లాడినట్టుండాది నా బతుకు," పక్క సీట్లోంచి అన్వర్ బాషా మోచేత్తో పొడిచాడు. రాయచోటి మనిషి, అబ్బాసియాలో దర్జీ. ఎనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం ఇద్దరూ స్టేడియంలో పక్కపక్కనే కూర్చున్నారు. "బస్రా దాకా పొద్దు పోవాల గదా. టీవీలో ఆ ఇటలీ వరల్డ్ కప్పు ఫైనలు చూస్తిమే, ఆ పెనాల్టీ నిజమా అబద్ధమా? తీర్పు చెప్పు."

సిద్ధయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఓయబ్బా! ఇద్దర్ని ఎర్ర కార్డు చూపించి బయటికి తోల్తే గూడా నోరు తెరవ్వా? పసుపు కార్డులు, ఎర్ర కార్డులు జోబిలో పెట్టుకుని తిరుగుతాంటివి గదప్పా. మా అంగట్లో గుండీ వంకరగా కుట్టినా కార్డు చూపించినోడివి."

ముందు సీట్లో సూరాయమ్మ, షర్క్‌లో ఒక ఇంట్లో వంట చేసేది, వెనక్కి తిరిగి చూసింది. "ఒరే బాషా, ఆయప్ప ఆలోచన ఆయప్పది. వాయి మూసుకో కొంచేపు. తలకాయ నొస్తాంది."

"నీగ్గూడా కార్డు చూపిస్తాడులేమ్మా, ఉండు."

బస్సు ఆరో రింగ్ రోడ్డు చెక్‌పోస్టు దగ్గర ఆగింది. సైనికుడు ఎక్కి, "హిందీ?" అని, ఇండియావాళ్లేనా అన్నట్టు అడిగి, "హిందీ, హిందీ" అని అందరూ ఒక్కసారిగా అంటే దిగిపోయాడు. సిద్ధయ్య ఒళ్లోని సంచీని దగ్గరికి లాక్కున్నాడు. పన్నెండు రోజుల కింద ఆ మాటతోనే కదా బదర్‌ను రెండు చెక్‌పోస్టులు దాటించాడు.

ఆ రోజు సిద్ధయ్య, బదర్ రొట్టె కోసం బయల్దేరారు. కువైటీ కుర్రాళ్లను పట్టుకుపోతున్నారని బదర్ గడ్డం తీసేసి, దిష్‌దాషా అనే పొడుగు అంగీ విప్పేసి సిద్ధయ్య పాత చొక్కా తొడుక్కున్నాడు. నెలల తర్వాత మళ్లీ ముందు సీట్లో కూర్చున్నాడు. చెక్‌పోస్టు దాటాక ఊపిరి వదిలి, "నీ చొక్కా బిగుతుగా ఉంది సిద్ది, అచ్చం నీ తీర్పుల్లాగే," అన్నాడు. సిద్ధయ్యకు నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వారు. తిరిగి వెళ్లేటప్పుడు మలుపులో హారన్ కొడితే ఎలా ఉంటుందని సిద్ధయ్య ఆలోచించాడు కూడా.

పెట్రోలు బంకు దగ్గరి రౌండెబౌటులో తుపాకీ మోగింది. ఎవరు ఎవరిని కాల్చారో తెలియదు. రోడ్లు ఊడ్చే బెంగాలీ మనిషి పసుపు దుస్తుల్లో రోడ్డు మధ్య పడి ఉన్నాడు. తొడ పట్టుకుని అరుస్తున్నాడు.

"ఆపు," అన్నాడు బదర్. "ఓగఫ్! ఆపు సిద్ది!"

సిద్ధయ్య చూశాడు. పడిపోయినవాడి పక్కనుంచే కారు పోనిచ్చాడు.

మలుపులో కారు నెమ్మదించినప్పుడు తలుపు తెరుచుకుంది. బదర్ దూకేశాడు. అద్దంలో సిద్ధయ్యకు అంతా కనబడింది. బదర్ ఆ మనిషి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి గాయం మీద అదిమిపెట్టి, రెండో చెయ్యి పైకెత్తాడు. స్ట్రెచరు పంపమని ఆటగాళ్లు రెఫరీకి ఎత్తే చెయ్యి. అరవడం లేదు, ఊపడం లేదు. నిటారుగా ఎత్తాడంతే. వెంటనే సైనికుల జీపు వచ్చింది. బదర్‌ను ఎక్కించుకుని, పక్కనే సైనికులు మకాం పెట్టిన ఆడపిల్లల బడి గేట్లోకి తిరిగింది. తెరిచిన తలుపు కొట్టుకుంటూనే ఉంది. చెక్‌పోస్టుల్లేని సందుల్లోంచి పోయి, ఇల్లు చేరేదాకా సిద్ధయ్య కారు ఆపలేదు.

ఇంటి దగ్గర మామా నిలబడి ఉంది. "ఆరో రింగ్ రోడ్డు చెక్‌పోస్టులో ఆపి, బదర్‌ను దింపేశారు మామా," అన్నాడు. ఆ అబద్ధం ఆలోచించి అల్లింది కాదు. రౌండెబౌటులో అంటే, అక్కడ చెక్‌పోస్టు లేదు కదా, వాడెందుకు దిగాడు, నువ్వెందుకు ఆగలేదు అని అడుగుతుంది. చెక్‌పోస్టు అంటే ఎవరూ ఏమీ అడగరు. తన నోరు అంత చురుగ్గా దారి వెతుక్కోగలదని అతనికి అంతవరకూ తెలియదు.

ఆ మాట పట్టుకుని బదర్ తండ్రి, షుగరు జబ్బుతో కాళ్లు వాచిన మనిషి, పన్నెండు రోజులుగా పొద్దున్నే సిగరెట్ పెట్టెలు తీసుకుని ఆరో రింగ్ రోడ్డుకు పోతున్నాడు. సైనికులు సిగరెట్లు తీసుకుంటారు. అలాంటి కుర్రాణ్ణి మేమసలు చూడలేదంటారు. నిజమే చెబుతున్నారు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని ఆయన ఇంటికొచ్చి ఏడుస్తాడు. ఆడపిల్లల బడి గేటు దగ్గర మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఈ పొద్దున మామా పాస్‌పోర్టు చేతికిచ్చింది. రొట్టెలు గుడ్డలో చుట్టి ఇచ్చింది. "వాణ్ణి చివర చూసింది నువ్వే. ఇంకోసారి చెప్పి వెళ్లు," అంది. అతను చెప్పాడు. పన్నెండు రోజుల్లో ఆ అబద్ధానికి గోడలూ కప్పూ వచ్చాయి. సైనికుడి మీసం ఎలా ఉందో కూడా చెప్పాడు.

"భయపడ్డాడా?"

"లేదు మామా."

ఆ ఒక్కటే నిజం. దానికే ఆవిడ అతని చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. పదకొండేళ్లలో ఆవిడ తనను ముట్టుకోవడం అదే మొదటిసారి.

"బాషా," అన్నాడు సిద్ధయ్య. "పడిపోయినోణ్ణి చూసి గూడా నిలబడకుండా పోయినోణ్ణి ఏమంటావు?"

"మళ్లీ అదేనా? ఆ పిల్లోణ్ణి ఎత్తుకపోయి పన్నెండు దినాలాయ. ఇప్పుడన్నా ఆ గోలు వదిలిపెట్టన్నా. పాపం తగుల్తాది."

"బదర్ను కాదు."

బాషా తలతిప్పి చూశాడు. సిద్ధయ్య చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది. ఇన్నాళ్లూ కొండంత ఉన్నది నాలుగు మాటలే అయినందుకు అతనికి ఆశ్చర్యం వేసింది. ముందు సీట్లో సూరాయమ్మ తల కదలలేదు, కానీ వింటోందని తెలుస్తోంది.

బాషా గొంతు తగ్గించి అన్నాడు: "నిలబెట్టింటే నిన్నూ ఎక్కించుకుని పోయిందురు."

"పోయిందురో లేదో నాకు తెల్దు. వాణ్ణి యాడికి తోలకపోయినారో తెల్సు. అది నాకొక్కనికే తెల్సు."

"దిగుతావా? మతి ఉండాదా నీకు? లిస్టులో పేరెక్కాలని మూడు దినాలు ఎండలో నిలబడితిమి. ఇది పోతే మళ్లీ బస్సు ఎప్పుడో, అసలుంటాదో లేదో. ఊర్లో రెడ్డెమ్మ వదినకు నేనేం చెప్పాల?"

"నువ్వేం చెప్పొద్దు."

"నిజం చెప్తే ఆ పిల్లోడి అమ్మ నీ మొగాన ఉమ్ముతాది అన్నా."

"ఉమ్మనీ."

రోడ్డు జహ్రా వైపు వంగింది. మట్టిరంగు ఇళ్లు ఎండలో కనబడుతున్నాయి. ఇంకాసేపట్లో ఊరు వెనకబడుతుంది, తర్వాత ముత్లా గుట్ట, తర్వాత ఎడారి. సిద్ధయ్య తనను తాను మెట్ల మీద కూర్చుని చూస్తున్నట్టు చూసుకున్నాడు. జీవితమంతా అక్కడే కూర్చున్నాడు. తీర్పు చెప్పడం కూడా ఒక రకంగా దాక్కోవడమే. మెట్ల మీద ఉన్నవాడి దగ్గరికి బంతి రాదు. నందలూరు ఫిట్టరు, బదర్, ఇటలీలో ఆడిన వాళ్లు, అందరికీ ఒకసారైనా బంతి వచ్చింది. తనకు ఆ రౌండెబౌటులో వచ్చింది. అతను దిగితే బదర్ దొరుకుతాడని ఏమీ లేదు. పన్నెండు రోజులంటే చాలా ఎక్కువ. ఆ బడి గేటు వెనక ఏముందో తలుచుకోవడానికి కూడా భయంగా ఉంది. ఆ ముసలాయన రేపు పొద్దున్నే మళ్లీ సిగరెట్లు పట్టుకుని తప్పు రోడ్డుకు పోతాడు. అంతవరకే అతనికి తెలుసు.

కారు మలుపు తిరిగే వీధి, ఆ వరుసలో ఎక్కడో, కనబడీ కనబడనట్టుంది.

లేచి నిలబడ్డాడు. సంచీ కిందపడింది. రొట్టెల మూట దొర్లి సూరాయమ్మ సీటు కిందికి పోయింది. "అన్నా, కూర్చో," అని బాషా చొక్కా పట్టుకున్నాడు, కానీ గట్టిగా పట్టుకోలేదు. సిద్ధయ్య డ్రైవరు వైపు చూశాడు. ముందు అద్దంలో డ్రైవరు కళ్లు ఒక్క క్షణం ఇటు తిరిగాయి.

సిద్ధయ్య చెయ్యి పైకెత్తాడు.