వెనక వరస

శనివారం కెజియాకు ఆఫీసు లేదు. బోరబండలో రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, బకెట్టూ కొబ్బరి పీచూ పట్టుకుని అద్దాల మేడల సందులో ఉన్న పాత సమాధుల తోటకు పోయేది. వెనక వరసలో ఎవరూ రాని సమాధుల మీద గడ్డి పీకి, నాచు గీకి, పేరు కనబడేదాకా కడిగేది.

పొద్దుగూకేలోపు ఆ సమాధిలో ఉన్నవాళ్ల బంధువు ఎవరో ఒకరు వచ్చేవారు. మరిచిపోయినవాళ్లను కాళ్లే లాక్కొచ్చేవి. కాపలా పోచయ్య, ఆమె చేతిలో బకెట్టు చూడగానే వచ్చేవాళ్లకు కుర్చీ వేసి ఉంచేవాడు.

సైమన్ సమాధి కడిగిన రోజు కూకట్‌పల్లి నుంచి మనవడు కిరణ్ పాల్ వచ్చాడు. చేతికి పప్పన్నం ఎండిపోయి ఉంది.

"మీరేనాండీ కడిగింది? కంచం ముందు నుంచి లేచొచ్చేశా. మా ఆవిడ ఫోన్లో ఒకటే తిట్లు."

"జర చెయ్యి కడుక్కోండి. మీ తాత ఏం చేసేటోడు?"

"బండలు కొట్టేవాడండీ. అదిగో, ఆ ఫుడ్ కోర్టు దగ్గర గుట్ట ఆయన కొట్టిందే. రాతిపలుకు తగిలి కన్ను పోయింది. ఫోటో అంటే చాలు, పక్కకు తిరిగి నిలబడేవాడు." నవ్వుతూనే ఏడ్చాడు.

ఇంకో సమాధిలో ఉన్న నర్సు హన్నా సంగతీ అట్లాగే తెలిసింది. తను కాన్పు చేసిన ఇంట్లో ఆడపిల్ల పుడితే మిఠాయి తనే పంచేదట.

ఈ వరస మీదుగా పక్క కంపెనీ తన పార్కింగుకు దారి అడుగుతోంది. చిన్నప్పుడే పోయిన కెజియా తల్లి సెలీనా ఉన్నది ఈ వరసలోనే. సొంతవాళ్లు ఒప్పుకోకుండా సమాధిని కదపకూడదని చర్చి సంఘం కట్టుబాటు. అందరి వాళ్లూ వస్తే అందరూ వద్దంటారు, అమ్మ జోలికి ఎవరూ రారని కెజియా లెక్క.

సంఘపెద్ద దేవరాజు అది విని తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేసినవ్ బిడ్డా! వాళ్లు దొరకకనే గదా ఇన్నేండ్లు ఆగింది. నువ్వు తోలుకొస్తున్నవ్, గేటు కాడ కంపెనీ పిలగాడు లోహిత్ సంతకాలు పెట్టించుకుంటున్నడు."

"కిరణ్ పాల్ గారు ఏడ్చిండ్రు గదా అంకుల్!"

"ఏడ్చిండు. సంతకం గూడ పెట్టిండు. శంకర్‌పల్లి అవతల కొత్త జాగ, పైన పాలరాయి ఇస్తరట."

కెజియా ఇక తోటకు పోలేదు. లోహిత్ ఫోనూ ఎత్తలేదు. తన సంతకం లేకుండా అమ్మను ఎట్లా కదుపుతారో చూద్దామనుకుంది.

ఒకరోజు మీటింగులో మాట్లాడుతుండగా ఆమె కాళ్లు లేచాయి.

"ఏంది, సమాధి పిలుపా? ల్యాప్‌టాప్ లాక్ చేసి పో," అంది టీమ్ లీడ్ సంయుక్త.

"నేను మరిచిపోలే సంయుక్తా, నన్ను పట్టుకో!" కెజియా బల్ల అంచు పట్టుకుంది. వేళ్లు జారాయి.

తోటలో అమ్మ సమాధి దగ్గర లోహిత్ ప్యాంటు మడిచి, తడి చేతులతో నిలబడి ఉన్నాడు. పక్కన పీకిన గడ్డి కుప్ప, నడుమెత్తు. పరాయి సమాధులన్నీ అయ్యాక అమ్మది కడుగుదామని కెజియా ప్రతి శనివారం అనుకుంటూ వచ్చింది, ఒక్కసారీ కడగలేదు.

"మస్తు మొలిచింది అక్కా," అన్నాడు అరచేతి బొబ్బలు చూపిస్తూ. అతని గొంతులో ఎగతాళి లేదు. "మిగతావాళ్లంతా పోతున్నరు. నువ్వు వద్దంటే చుట్టూ తిప్పి దారి వేస్తరు. ఒక్కామెను కార్ల నడుమ ఉంచుతవా?"

కడిగిన రాతి మీద, పేరు కింద, అమ్మ పుట్టిన ఊరు చెక్కి ఉంది. అది కెజియాకు ఇన్నాళ్లూ తెలియదు. రెండుసార్లు చదివి, సంతకానికి పెన్ను కోసం లోహిత్ వైపు చెయ్యి చాపింది.