కాలవపాలైన సారె

ఒట్టంటే ఒట్టే. అందులో దొరబాబు మహా మొండి. నోరు విప్పితే వ్యాను దక్కుతుంది, విప్పకపోతే పోతుంది. అయినా సరే, అమలాపురం కోర్టులో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

సంగతేమిటంటే, కొత్తపేటలో అతని పక్కింటి సూర్యకుమారి పిన్నిగారు, నిరుడు ఆలమూరులో ఉన్న కూతురు హేమకి శ్రీమంతం సారె పట్టుకెళ్దామని అతని మినీ వ్యాను మాట్లాడుకుంది. వెనకాల ఆరు డబ్బాల కాజాలూ సున్నుండలూ, ముందు సీట్లో ఆవిడ. కాలవ మలుపులో గేదె అడ్డొచ్చింది. డబ్బాలన్నీ కాలవపాలు, పిన్నిగారి కాలు రెండు ముక్కలు. అంత నొప్పిలోనూ ఆవిడ అన్నదేమిటనుకున్నారు?

"కడుపుతో ఉన్న పిల్ల సారె నీళ్ళపాలైందని ఎవరికీ చెప్పకురా! హేమ మీద ఒట్టు!"

తమ్ముడి చేత వేరే సారె పంపించి, తను ఏదో పనిమీద వెళ్తూ పడ్డానని ఊరంతా చెప్పుకుంది.

తర్వాత కాలు విరిగినందుకు నష్టపరిహారం కోసం పిన్నిగారి పేరున కేసు పడింది. ఇన్సూరెన్సు కంపెనీ మనిషి ఇంటికొచ్చి కాఫీ తాగుతూ అడిగితే, దొరబాబు మీదకి మాట రాకూడదని, "మావాడేనండీ, ఊరికే ఎక్కించుకున్నాడు" అంది పిన్నిగారు. మంచితనమంటే అదీ! ఆ ఒక్క ముక్కతో కంపెనీ చేతులు దులుపుకుంది. సరుకుల బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకి తాము ఇవ్వనక్కర్లేదంది. ఇచ్చుకుంటే బండివాడే ఇచ్చుకోవాలి. దొరబాబుకి అమ్ముకోడానికి ఆ వ్యాను తప్ప ఏముంది?

కోర్టులో కంపెనీ లాయరు శివశంకర్, ఆవిడ మాట రాసుకున్న కాగితం చదివి, "ఊరికే ఎక్కేరు, అంతేనామ్మా?" అన్నాడు.

"ఆయ్, ఊరికేనండి."

లాయరు ఆ మాట ఇంకాస్త గట్టి చేసుకోబోయాడు.

"మీ సరుకేదన్నా ఉండి, దాని వెంట వెళ్తే కంపెనీ ఇచ్చేదే. సరుకేం లేదు కదా?"

పిన్నిగారు ఉలిక్కిపడింది. "ఏంటండీ? సరుకుంటే మావాడి వ్యాను దక్కునా?"

"దక్కుతుందమ్మా" అన్నారు జడ్జిగారు.

"అయ్యో, ఉందండి బాబూ! ఆరు డబ్బాల సారె! కొట్టువాడి బిల్లు నా పేరునే ఉంది. బాడుగ సారెకిచ్చేనండి, నాకెందుకిస్తాను? పుట్టింటి మనిషి వెంట లేకుండా సారె ఎక్కడన్నా వెళ్తుందాండీ?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" లాయరు గొంతు పెంచాడు.

"అపశకునం కదండీ! ఇప్పుడు మనవడు పాకుతున్నాడు, ఇంకేం భయం?"

కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా నవ్వేసి, బిల్లు తెమ్మన్నారు. వాయిదాకి బిల్లూ వచ్చింది, మిఠాయి కొట్టు గోవిందరాజులూ వచ్చి సాక్ష్యం చెప్పాడు. పరిహారం కంపెనీయే ఇవ్వాలని తీర్పయింది.

బయటికొచ్చాక పిన్నిగారు దొరబాబు చెవి పట్టుకుంది. "సరుకున్నట్టు నీకు తెలుసు కదరా వెధవా! బండి పోతుందన్నా నోరు విప్పలేదేం?"

"ఒట్టేయించుకున్నారు కదండీ పిన్నిగారూ. బండి పోతే ఇంకోటి వస్తుంది. హేమ చెల్లికేదన్నా అయితేనో?"

పిన్నిగారి చెయ్యి చెవి వదిలేసింది. కోర్టు మెట్ల మీదే వాణ్ణి దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది.