కనబడని మంట

పట్టపగలు, నడినెత్తిన ఎండ కాస్తుండగా మా బావ కాలిపోయాడు. మంట మాత్రం ఎవరికీ కనబడలేదు.

ఓడకు కొత్త ఇంధనం పోస్తున్నాం. మిథనాల్ అంటారు. పొగ రాదు, మసి పట్టదు. నిజమే. అంటుకుంటే ఎండలో మంట కూడా కనిపించదన్న సంగతి ఆఫీసర్ల నుంచి కాంట్రాక్టరు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. నల్లనూనె పోసిన ఏళ్ళ అలవాటు మాది: ముందు పొగ కోసం చూస్తాం. పొగ లేకపోతే భయం లేదు. బావ అలాగే చూశాడు, అలాగే గొట్టం మూతి దగ్గరికి వెళ్ళాడు. చేతులు విదిలిస్తూ గెంతుతుంటే తేనెటీగలు కుట్టాయనుకున్నాం. అప్పటికే చొక్కా నల్లబడి ఒంటికి అతుక్కుపోతోంది.

తెల్లచొక్కా వచ్చాడు. కాంట్రాక్టరుకు మేం పెట్టుకున్న పేరది.

"మంటేదిరా? చూశారా ఎవరైనా? బీడీ కాలుస్తూ తనే అంటించుకుని ఉంటాడు."

"బీడీ వాసనకే తుమ్మే మనిషండీ మా బావ."

"నోరు లేస్తోందే!"

వేడిని పట్టి చూపే కెమెరా ఒకటుందనీ, అది లేకుండా ఈ ఇంధనం పోయకూడదనీ ఆ రోజే ఓడ ఇంజనీరు నోట విన్నాం. అది ఆఫీసు బీరువాలో ఉంది, అతిథులకు చూపించడానికి.

బావను మట్టిలో పెట్టి వచ్చి షెడ్డులో కూర్చున్నాం.

"ఈ పాడు ఇంధనం కన్నా పాత నూనే నయం" అన్నాడు వెల్డరు మామ.

అక్క తలెత్తింది. "పాత నూనె మా నాన్న ఊపిరితిత్తులు తిన్లేదా మామా? నా కోపం ఇంధనం మీద కాదు, కెమెరా దాచినోడి మీద. గొట్టానికో కెమెరా, మనిషికో మంటంటని బట్టలు. ఇచ్చేదాకా ఎవరూ గొట్టం ముట్టొద్దు."

"మరి కూడెవడు పెడతాడే?"

"మా ఆయనా కూడు తినే వెళ్ళాడు మామా."



మేం గొట్టం ముట్టలేదు. తెల్లచొక్కా ఎక్కడినుంచో లారీలో కొత్తవాళ్ళను తెచ్చి గేటు దగ్గర దించాడు. మావాళ్ళు రాళ్ళందుకున్నారు.

"రాళ్ళు కింద పడెయ్యండి" అంది అక్క. "వాళ్ళూ మన బోటివాళ్ళే."

గొట్టంలో మిగిలిన ఇంధనం గరిటెడు తెచ్చి, రోడ్డు మీద ఇనుప పళ్ళెంలో పోసి, అగ్గిపుల్ల గీసి వేసింది. ఏమీ లేదు. పళ్ళెం మామూలుగా ఎండలో మెరుస్తోంది.

"ఏం గారడీ అమ్మా ఇది?" కొత్తవాళ్ళలో నెరిసిన మీసాలాయన నవ్వాడు.

అక్క రేవు ఊడ్చే చీపురును పళ్ళెం మీదికి చాచింది. పుల్లలు చిటపటలాడి, నల్లబడి, రాలిపోయాయి. ఆయన నవ్వు ఆగిపోయింది.

"మా ఆయనకు కనబళ్ళేదన్నా. మంట చూపే కెమెరా బీరువాలో దాచాడు. మీకెలా కనబడుతుందో వాణ్ణడుగు."

ఆయన తెల్లచొక్కా వైపు తిరిగాడు. "కెమెరా ఉందంటగా, ఏదీ?"

"ముందు పని చూడు!"

పోలీసులు వచ్చారు. రేవు తగలబెట్టబోయిందంటూ అక్కను జుట్టు పట్టి వ్యానులోకి తోశారు. మొగుణ్ణి చంపినవాడు మాత్రం ఆ పక్కనే నిలబడి చెమట తుడుచుకున్నాడు.

వ్యాను వెళ్ళిపోయింది. "లోపలికి నడవండి!" తెల్లచొక్కా అరిచాడు. కొత్తవాళ్ళలో ఎవరూ కదల్లేదు. మేం గేటుకు అడ్డంగా కూర్చున్నాం.

నెరిసిన మీసాలాయన నా దగ్గరికొచ్చాడు.

"ఓడ ఎప్పుడు వెళ్ళాలి?"

"చీకటి పడేలోగా."

"అయితే కాస్త జరగవయ్యా. మాకూ చోటియ్యి."

జరిగాను.