గుమ్మం లైటు

"గుమ్మం లైటు ఆపేసెయ్. పిల్లలు అస్తమానం బెల్ కొడుతుంటే నీ బజ్జీలు మాడిపోతాయ్" అన్నాడు శశికాంత్, భార్య కష్టం సగం తానే మోస్తున్నవాడిలా. మిషిగన్‌లోని ట్రాయ్‌లో ఇల్లు కొన్నప్పటినుంచీ ప్రతి హాలోవీన్‌కీ ఇదే మాట. ఊరంతా గుమ్మడికాయల్లో దీపాలు పెట్టుకుని, మారువేషాల్లో వచ్చే పిల్లలకి చాక్లెట్లు పంచే ఆ ఒక్క సాయంత్రం వాళ్ళ వాకిలి మాత్రం చీకటిగా ఉండేది. లైటు వెలగని ఇంటి తలుపు కొట్టకూడదని ఈ దేశంలో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు.

గిరిజ గరాజ్‌లో ఎలక్ట్రిక్ స్టవ్ పక్కన నిలబడి, పొడుగాటి పెప్పర్లకి గాటు పెట్టి లోపల వామూ చింతపండూ కూరుతోంది. ఇంట్లో నూనె కాగితే కార్పెట్‌కి వాసన పడుతుందట. రేపు అమ్ముకోవాలంటే ఎవరూ కొనరట. అంచేత మహారాణీగారు మూడు బెడ్రూముల ఇంటికి యజమానురాలై ఉండి కూడా, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని, రెండు కార్ల మధ్య సందులో బజ్జీలు వేసేది.

అయితే ఆ యేడు ఆమె ముందే ఒక మాట చెప్పి ఉంచింది. "ఈసారి పిల్లతో నేనూ వస్తానండీ" అని. శశికాంత్ లాప్‌టాప్‌లోంచి తల తిప్పకుండా "రా, ఎవరొద్దన్నారు?" అన్నాడు. ఎవరూ వద్దనలేదు, అదీ నిజమే. కూతురు రిషితకి నడక వచ్చిన యేడు అత్తగారు వచ్చి ఉన్నారు. "నన్నొక్కదాన్నీ ఈ కొంపలో వదిలేసి అందరూ ఊరేగుతారా?" అన్నారావిడ. తర్వాతి యేడు శశికాంత్ స్నేహితుడు శేషగిరి వాళ్ళు పిల్లని తీసుకుని వీళ్ళింటికొచ్చి, ఇక్కణ్ణుంచి కలిసి బయల్దేరారు. చలిలో తిరిగొచ్చేవాళ్ళకి వేడిగా ఏదైనా ఉండాలి కదా అని గిరిజ ఆగిపోయింది. "నీ చేతి బజ్జీల కోసమే వస్తామే తల్లీ" అంది శేషగిరి భార్య ఉమామహేశ్వరి. పొగడ్తకి పడిపోవడం మన ఆడవాళ్ళకి ఉగ్గుపాలతోనే నేర్పుతారు కాబోలు, గిరిజ పొంగిపోయింది కూడాను. ఇక అదే ఆనవాయితీ అయి కూర్చుంది. కన్నకూతురు పరాయి గుమ్మం ముందు నిలబడి, సంచీ చాపి, "ట్రిక్ ఆర్ ట్రీట్" అని అడగడం ఆమె ఇంతవరకూ ఫోటోల్లోనే చూసింది. ఇప్పుడు రిషితకి పదేళ్ళు. వచ్చే యేడు మిడిల్ స్కూల్. అప్పుడు ఫ్రెండ్స్‌తో పోతుంది గానీ అమ్మ వెంట వస్తుందా? చూస్తే ఈ యేడే చూడాలి.

ఇంతకీ ఈ పిల్లలు తిరిగే వీధుల్ని వెతికేదెవరనుకున్నారు? మంచి నైబర్‌హుడ్ పట్టడమంటే మాటలా! వీళ్ళ ఇల్లేమో పెద్ద రోడ్డు మీద, నడిచే దారి కూడా లేని చోట. అందుకని అక్టోబరు రాగానే గిరిజ రిషితని డాన్స్ క్లాస్‌లో దింపి, క్లాసు అయ్యేదాకా కారేసుకుని సబ్‌డివిజన్లని పిలిచే ఇళ్ళ కాలనీలన్నీ తిరిగేది. ఇళ్ళు పక్కపక్కనే ఉండాలి, చిన్న కాళ్ళు త్వరగా నొప్పులు పుడతాయి. సైడ్‌వాక్ ఉండాలి, వీధి దీపాలుండాలి. మెట్ల మీద గుమ్మడికాయ పెట్టారంటే అది పెట్టే చెయ్యే. వయసైనవాళ్ళున్న వీధి అయితే మరీ మంచిది, పిల్లలెప్పుడొస్తారా అని ఎదురుచూస్తూ కూర్చుంటారు, గుప్పెళ్ళతో పోస్తారు. పెద్ద ఇళ్ళని చూసి మోసపోకూడదని ఆమె మొదట్లోనే గ్రహించింది. కారు పక్కన ఆపి, దిగి, నడిచి మరీ చూసేది. మన దేశంలో అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఈ అమ్మ మాత్రం ఎవరూ అడక్కుండానే ఊరంతా తిరిగేది.

ఒకసారి అలా కారు మెల్లగా పోనిస్తుంటే, ఎవరింట్లోంచో ఫోన్ వెళ్ళింది. పోలీసు కారొచ్చి వెనకాల ఆగింది. ఏం వెతుకుతున్నారు మేడమ్ అని అడిగాడతను. "మా పాపకి... హాలోవీన్‌కి... క్యాండీ" అని తడబడింది గిరిజ. అతను నవ్వి పంపించేశాడు గానీ, ఆమె చాలాసేపు స్టీరింగ్ పట్టుకుని అక్కడే ఉండిపోయింది. ఆ రాత్రి మొగుడికి చెప్పుకుంటే "నిన్నెవరు తిరగమన్నారు?" అన్నాడు. పైగా వారం తిరక్కుండా ఉమామహేశ్వరి వాళ్ళింట్లో భోజనాల దగ్గర దాన్నో జోకు చేసి వినిపించాడు. "మా ఆవిడ దొంగలా తిరుగుతుంటే పట్టుకున్నారండీ!" అందరూ పగలబడి నవ్వారు. గిరిజ కూడా నవ్వింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా. ఆ హాలోవీన్‌కి పిల్లలు వెళ్ళింది ఆ వీధికే. సంచులు నిండి తిరిగొచ్చాక "ఏం ప్లేస్ పట్టావు బాస్!" అని శేషగిరి మెచ్చుకుంటే, శశికాంత్ కాలర్ సర్దుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈసారి రిషిత గుడ్లగూబ అవుతానంది. "ఆడపిల్లకి గుడ్లగూబ వేషమా? అరిష్టం!" అని అత్తగారు ఫోన్లోనే చెంపలు వేసుకున్నారు. గిరిజ బూడిదరంగు ఫెల్టు గుడ్డని ఈకల్లా కత్తిరించి ఒక్కొక్కటే కుట్టింది. లోపల జాకెట్ పట్టేలా వదులుగా కుట్టింది. మిషిగన్ చలికి వేషం మీద కోటు తొడిగేస్తే ఇంక ఆ గుడ్లగూబని చూసేదెవరు?

హాలోవీన్ శనివారం పడింది. ఐదింటికల్లా శేషగిరి, ఉమామహేశ్వరి, వాళ్ళ అంకితా దిగిపోయారు. బిర్యానీ దమ్ము మీద ఉంది. బజ్జీల పిండి కలిపి మూత పెట్టింది, తిరిగొచ్చాక క్షణాల్లో వేసెయ్యొచ్చు. గుమ్మం లైటు మాట శశికాంత్ ఆమె వస్తానన్నది మర్చిపోయి అన్నాడో, గుర్తుండే అన్నాడో అని ఇంకా మనసు పీకుతూనే ఉంది. అయినా చేతులు కడుక్కుని, కోటు వేసుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని హాల్లోకొచ్చింది.

"ఈసారి ప్లాన్ మార్చాం" అన్నాడు శశికాంత్. "మా డైరెక్టర్ ఉండే సబ్‌డివిజన్‌కి వెళ్దాం. ఒక్కో ఇల్లు ఎకరం! ఆయన డోర్ తీసి, పిల్లలతో మనల్ని చూశాడనుకో, రేపు లేఆఫ్స్ టైంలో ఫేస్ గుర్తుంటుంది."

కార్ల కంపెనీల్లో ఎడాపెడా ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి. అతని భయం గిరిజకి తెలుసు. రాత్రిళ్ళు పక్కలో పొర్లడం ఆమే కదా వినేది. అయినా ఊరుకోలేకపోయింది.

"అక్కడొద్దండీ. నేను చూసొచ్చాను. సైడ్‌వాక్ లేదు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కోసెడు దూరం. సగం ఇళ్ళ ముందు గుమ్మడికాయే లేదు. నేను చెప్పిన వీధికి..."

"అబ్బో, మా ఆవిడ పెద్ద రియల్టర్!" అన్నాడు శశికాంత్. శేషగిరి నవ్వాడు.

అప్పుడు రిషిత వచ్చి అమ్మ కోటు అంచు పట్టుకుంది. గుడ్లగూబ కళ్ళ మధ్య దాని మొహం ఎంత ముద్దుగా ఉందో.

"అమ్మా, నువ్వు రావద్దులే. ఇట్స్ సో కోల్డ్. నీకు ఆ ప్లేసెస్ తెలీవు కదా. డాడీకి అన్ని గుడ్ నైబర్‌హుడ్స్ తెలుసు. ఎవ్రీ ఇయర్ డాడీయే ఫైండ్ చేస్తాడు."

పిల్ల ప్రేమగానే అంది. అమ్మకి చలేస్తుందని అంది. శశికాంత్ ఆ మాట విన్నాడు. బూటు లేసు కట్టుకుంటూ తలెత్తలేదు. ఒక్క మాట, "లేదమ్మా, అమ్మే వెతికింది" అని ఒక్క మాట అంటే అతని సొమ్మేం పోయేది? గిరిజ అతని వంగిన వీపుకేసి చూస్తూ నిలబడింది. కట్టాల్సిన లేసు ఎప్పుడో కట్టడం అయిపోయింది. అయినా వేళ్ళు దాన్నే సవరిస్తున్నాయి.

"ఉండిపోవే గిరిజా, వచ్చేసరికి వేడివేడిగా ఉంటాయి" అంది ఉమామహేశ్వరి. ఆవిడ మాత్రం ప్రతి యేడూ కూతురితో వెళ్తుంది. గిరిజ టోపీ తీసేసింది.

కార్లు వెళ్ళిపోయాయి. గరాజ్ తలుపుకున్న చిన్న అద్దాల్లోంచి డ్రైవ్‌వే కనిపిస్తుంది. ఏడు కావస్తుండగా ఒక తల్లి, చెరో చేత్తో ఒక పిల్లని పట్టుకుని అటుగా వచ్చింది. చీకటి గుమ్మం చూసి ఆగింది. ఇంట్లో ఎవరూ లేరమ్మా అని పిల్లలకి ఇంగ్లీషులో చెప్పి వెనక్కి తిప్పింది. ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని అరవాలనిపించింది గిరిజకి. పిండి చేతులతో అలాగే నిలబడి ఏడ్చింది. నూనె పొగకి కళ్ళు మండాయని చెప్పుకోవడానికి కూడా పక్కన ఎవరూ లేరు.

వెళ్ళినవాళ్ళు ఏడున్నర కాకుండానే తిరిగొచ్చారు. "పేరు గొప్ప ఊరు దిబ్బ!" అంటూ ఉమామహేశ్వరి చెప్పులు విసిరింది. "మనుషులే లేరు తల్లీ ఆ ఇళ్ళల్లో. ఆ డైరెక్టర్ గారు మెట్ల మీద గిన్నె పెట్టి, 'తలా ఒకటి తీసుకోండి' అని రాసి ఎటో పోయాడు. గిన్నె ఖాళీ!" శశికాంత్ సోఫాలో కూలబడ్డాడు. రిషిత సంచీ అడుగున రెండో మూడో చాక్లెట్లు గలగలమంటున్నాయి. పిల్ల ఏడవలేదు గానీ సంచీలోకి మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది.

"గిరిజా, బజ్జీలు వేసేయ్" అన్నాడు శశికాంత్.

గిరిజ గరాజ్‌లోకి వెళ్ళి స్టవ్ ఆపేసింది. మూకుడులో అప్పటికే పచ్చిపచ్చిగా వేగిన బజ్జీల్ని అలాగే వదిలేసి, కారు తాళాలు తీసుకుని, "రిషీ, పద" అంది. ఎక్కడికని ఎవరో అడుగుతున్నారు. వినిపించుకోలేదు.

ఎనిమిదింటికి అంతా సర్దుకుంటారు. ఆ సంగతి తెలిసే వేగంగా తోలింది. కానీ రోడ్ల నిండా నెమ్మదిగా నడిచే పిల్లలు. తను చెప్పిన ఆ చిన్న ఇళ్ళ వీధి మలుపు తిరిగేసరికి గుమ్మాల్లో లైట్లు ఒకటొకటిగా ఆరిపోతున్నాయి. ఎవరో గుమ్మడికాయని ఎత్తి లోపలికి తీసుకుపోతున్నారు. "ఆ చివరిది, ఆ చివరిది ఉంది చూడు!" అని గిరిజ పిల్ల చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. రెండిళ్ళ దూరంలో ఉండగా ఆ లైటూ ఆరిపోయింది.

ఇద్దరూ సైడ్‌వాక్ మీద రొప్పుతూ ఆగిపోయారు.

"నాకు ఈ ప్లేస్ తెలుసు" అంది రిషిత చుట్టూ చూస్తూ. "థర్డ్ గ్రేడ్‌లో డాడీ తెచ్చాడు. నేను బంబుల్ బీ. బెస్ట్ ఇయర్ ఎవర్! నువ్వు రాలేదు కదా, నీకెలా తెలుసు?"

"ఆ మూలింటాయన పిల్లలకి వేడి ఆపిల్ సైడర్ ఇస్తాడు. నీలం తలుపు ఇంట్లో కుక్క ఉంది, హాలోవీన్‌కి కట్టేస్తారు. చివరింటి బామ్మగారు చిన్నవి ఇవ్వదు, పెద్ద బార్లే" అంది గిరిజ. "నేనే వెతికాను రిషీ. ఇది, దీనికి ముందువీ, అన్నీ. నడిచి, అడిగి, చూసుకుని డాడీకి చెప్పేదాన్ని."

పిల్ల అమ్మ మొహంలోకి చూసింది. తర్వాత పిల్లలు మాత్రమే అడగగలిగినంత సూటిగా అడిగింది.

"మరి నువ్వెప్పుడూ ఎందుకు రాలేదు?"

"బజ్జీలు వేస్తున్నా కదమ్మా" అంది గిరిజ.

ఆ మాట ఆ ఖాళీ వీధిలో తన చెవులకే వినిపించింది. ఇన్నేళ్ళకీ తన దగ్గరున్న జవాబు ఇదా? ఇందుకా, ఈ పిల్ల తేనెటీగై, గుడ్లగూబై తిరిగిన సాయంత్రాలన్నీ పోగొట్టుకుంది? మెడలు వంచి కూర్చోబెట్టినవాళ్ళు కూడా ఎవరూ లేరే! ఆమె పక్కనున్న మెయిల్‌బాక్స్ పట్టుకుంది.

రిషిత ఈకల చెయ్యి చాపి అమ్మ చేతిని పట్టుకుంది. "నెక్స్ట్ ఇయర్ అంకితా నేనూ ఫ్రెండ్స్‌తో వెళ్తామని ప్రామిస్ చేసేశాను అమ్మా" అంది చిన్నగా. "సారీ."

"ఫరవాలేదు నాన్నా, వెళ్ళు" అంది గిరిజ. నిజంగానే అంది.

ఇంటికొచ్చేసరికి అందరూ బిర్యానీ తింటున్నారు. "ఎక్కడికెళ్ళావ్, చెప్పాపెట్టకుండా? బజ్జీలు సగంలో వదిలేసి!" అన్నాడు శశికాంత్. గిరిజ కోటు విప్పలేదు. తలుపు పక్కనున్న స్విచ్ నొక్కింది. గుమ్మం ముందు లైటు వెలిగింది. మెట్ల మీద పేరుకున్న ఆకులన్నీ కనిపించాయి. ఆమె వెళ్ళి ఆ మెట్ల మీద కూర్చుంది.

కాసేపటికి శశికాంత్ తలుపు దగ్గరకొచ్చాడు. "ఎనిమిది దాటిపోయింది గిరిజా. ఇంకెవరొస్తారు? లైటు ఆపేసి లోపలికి రా."

"ఎవరూ రారు. నాకు తెలుసు" అంది గిరిజ వీధిలోకే చూస్తూ. "పొయ్యి ఆపేశాను. లైటు మాత్రం ఉండనీండి."