సీటు కింది స్పానరు

నేను ఒక వీల్ స్పానరును. చక్రాల నట్లు విప్పడం, బిగించడం నా పని. కానీ నన్ను ఆ పనికంటే వేరే పనులకే ఎక్కువ వాడారు. చేతికి బరువైన వస్తువు తగిలితే, అది ఎందుకు పుట్టిందో మనుషులకు గుర్తుండదు.

మొదట నేను ఒక లారీ విరిగిన యాక్సిల్ ముక్కను. రాయచోటిలో ఒక కొలిమిలో నన్ను ఎర్రగా కాల్చి, సుత్తితో బాది, ఒక కొస వంచి, దానికి నట్టును పట్టే గిన్నె అతికించారు. బాదినందుకు నాకు కోపం లేదు. ఇనుము ఒక రూపానికి రావాలంటే అదొక్కటే దారి. మనిషికీ అదే దారి అనుకునేవాళ్ళ చేతుల్లోనే నా బతుకంతా గడిచింది.

నా మొదటి యజమాని సుబాన్ అనే లారీ డ్రైవరు. బయలుదేరే ముందు నాతో ఒక్కొక్క టైరునూ తట్టి, చప్పుడు విని, గాలి ఎంతుందో చెప్పేవాడు. ఇంజను లేపే సెల్ఫ్ పట్టకపోతే దాని మోటారు మీద నాతో రెండు దెబ్బలు వేసేవాడు, పట్టేది. క్లీనరు మాట వినకపోతే వాడికీ అదే వైద్యం. ఆ క్లీనరు పేరు ఓబులేసు. ఒకసారి ఎత్తులో లారీ ఆపినప్పుడు చక్రం వెనక రాయి పెట్టడం మరిచాడు. లారీ జానెడు జారింది. సుబాన్ దిగివచ్చి నన్ను తీసి ఓబులేసు మోకాలి కింద ఎముక మీద వేశాడు. అక్కడ గుంట పడింది. ఆ తర్వాత ఓబులేసు ఎన్నడూ రాయి మరవలేదు. వైద్యం పనిచేసిందని ఇద్దరూ నమ్మారు.

సుబాన్ దగ్గర ఓబులేసు ఇంకొక విద్య కూడా నేర్చాడు. దిగువ రాగానే ఇంజను ఆపేయడం. బండి బరువే బండిని లాక్కుపోతుంది, డీజిల్ మిగులుతుంది. సుబాన్ ఎన్నో ఘాట్లు అట్లాగే దిగాడు. చివరికి మంచం మీదే చనిపోయాడు కాబట్టి అది మంచి విద్యే అని ఓబులేసు అనుకున్నాడు.

లారీ పాత ఇనుముకు పోయినప్పుడు ఓబులేసు నన్ను తువ్వాలులో చుట్టి తెచ్చుకున్నాడు. అప్పుడే అతని అక్క మొగుడు రెడ్డెప్ప కొత్త పికప్ బండి కొన్నాడు. టమాటా పెట్టెలు నింపుకొని, రాయచోటి పక్క పల్లెల నుంచి గువ్వలచెరువు ఘాట్ దిగి కడప మార్కెట్టుకు తోలాలి. డ్రైవరుగా బామ్మర్దినే పెట్టుకున్నాడు. బండితో వచ్చిన స్పానరు పిల్లలు ఆడుకునేదానిలా ఉందని దాన్ని ఇంట్లో పడేసి, నన్ను డ్రైవరు సీటు కింద గోనెపట్టా మీద పడుకోబెట్టారు.

రెడ్డెప్ప మాటకంటే చెయ్యి ముందు లేచే మనిషి. మార్కెట్టులో వరస తప్పి ముందుకొచ్చిన బండి అద్దాన్ని నాతో పగలగొట్టాడు. ఆ బండి డ్రైవరు అడ్డం వస్తే వాడి మణికట్టునూ వదల్లేదు. కానీ బామ్మర్ది అంటే ప్రాణం. టీ అంగడి దగ్గర పదిమంది డ్రైవర్లు కూర్చుంటే చాలు, మొదలుపెట్టేవాడు.

"ఇదే బండి మీరూ తోల్తాండారు. మీకు యాడ వస్తాంది ఆ మైలేజీ? మావాడు ఎక్సలేటరు మీద కాలు పెడితే పువ్వు మీద పెట్టినట్టుంటాది."

"పెండ్లాం తమ్ముడు గదా, ఆమాత్రం పొగడకపోతే నీకు సంగటి పడదులే" అనేవాడు ఎవడో ఒకడు.

ఓబులేసు టీ గ్లాసులోకి చూస్తూ నవ్వేవాడు. తన్నులు తిని పెరిగిన మనిషికి పొగడ్త ఎంత తీపిగా ఉంటుందో ఆ నవ్వులో కనిపించేది. ఆ మర్నాడు దిగువ ఇంకా మొదలు కాకముందే ఇంజను ఆపేవాడు.

సీటు కింద ఉన్న నాకు రోడ్డు కనిపించదు. చప్పుడు మాత్రం తెలుస్తుంది. గువ్వలచెరువు కోవా అంగళ్ళు దాటగానే ఇంజను అదురు ఆగిపోయేది. టైర్ల గరగర, పైన పెట్టెల కిర్రు, అంతే. బ్రేకుకు బలం ఇంజను తిరుగుతున్నంతసేపే. అది ఆగాక రెండు మూడు సార్లు తొక్కితే ఆ బలం కాస్తా అయిపోతుంది. తర్వాత పెడల్ రాయి. లోడు తక్కువయితే నడిచిపోతుంది. నిండు లోడుతో ఒకనాడు నడవలేదు.

మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. ఓబులేసు తొక్కాడు, పెడల్ దిగలేదు. స్టీరింగు కూడా బిగిసింది. బండిని కొండవైపు వేశాడు. రాతిగోడ బండి పక్కనంతా చీల్చింది. పెట్టెలు పగిలి టమాటాలు రోడ్డంతా నలిగాయి. వచ్చిపోయేవాళ్ళు రక్తమనుకొని పరుగెత్తుకొచ్చారు.

"బ్రేకు ఫెయిలయింది బావా" అన్నాడు ఓబులేసు. అది అబద్ధం కాదు. సగం నిజం.

రెడ్డెప్ప బండిని కడపలో, కొన్నచోటి సర్వీసు సెంటరుకే తెచ్చాడు. అక్కడ వచ్చినవాళ్ళ మాట వినేది చరణ్ అనే కుర్రవాడు. టై కట్టుకుంటాడు, అందరినీ సార్ అంటాడు. "మీరు ఏసీలో కూర్చోండి సార్, మేం చూసుకుంటాం" అన్నాడు. బండిని పైకి లేపారు. బ్రేకు లైనర్లు విప్పారు, ఆయిలు మార్చారు, ఊరి చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చారు. ఇంజను ఆన్‌లో ఉంది, బ్రేకు వెన్నలా పడింది. ఘాట్ దాకా ఎవడూ పోలేదు. బండి ఎట్లా దిగుతుందని డ్రైవరునూ ఎవడూ అడగలేదు. అడగనిదానికి డ్రైవరు జవాబు చెప్పలేదు. బండిని తళతళా కడిగి, సీటు మీద ప్లాస్టిక్కు కాగితం వేసి ఇచ్చారు. రెండోనాడు ఒక అమ్మాయి ఫోను చేసి, సర్వీసుకు పదికి ఎన్ని మార్కులు వేస్తారు సార్ అని తీయగా అడిగింది. రెడ్డెప్ప మెత్తబడి పదీ వేశాడు.

ఆ మార్కుల వేడి ఆరకముందే బండి రెండోసారి ఘాట్‌లో నిలవలేదు. ముందు పోతున్న ఆటోను వెనకనుంచి గుద్దింది. అందులో ఒక ముసలాయన కాలు రేకుల మధ్య ఇరుక్కుంది. ఓబులేసు నన్ను పట్టుకొని దిగి, రేకు సందులో దూర్చి, ఒళ్ళంతా బరువేసి తెరిచాడు. నా మీద ఒక చివర అతని చెమట, ఇంకో చివర ఆ ముసలాయన రక్తం. ఆ కాలు మళ్ళీ నేల మీద ఆనుతుందని చూసినవాళ్ళెవరూ అనలేదు.

ఆ సాయంత్రమే రెడ్డెప్ప ఓబులేసును వెంటబెట్టుకొని సర్వీసు సెంటరుకు వచ్చాడు. సీటు కింద చెయ్యి పెట్టి నన్ను తీశాడు. లోపలికి పోయేందుకు తలుపు ఉంది. అయినా అద్దంలోంచే పోయాడు. ఆ పెద్ద అద్దం నా మొదటి దెబ్బకు తెల్లబడింది, రెండో దెబ్బకు జలజలా కూలింది. బల్ల మీది కంప్యూటరు మూడోది. ఏసీలో కూర్చున్నవాళ్ళు టీ కప్పులతోనే గోడకు అంటుకుపోయారు.

చరణ్ పారిపోలేదు. బల్ల వెనక నిలబడి రెండు చేతులూ ఎత్తాడు.

"సార్, ఒక్క మాట. మీ డ్రైవరు దిగువలో ఇంజను ఆపుతాడా?"

"ఏమంటివి?"

"ఇంజను ఆపితే బ్రేకు పట్టదు సార్. మా దగ్గర ఎన్నిసార్లు చూసినా బాగానే ఉంది. అదొక్కటే అనుమానం. ముందే అడగాల్సింది, అడగలేదు."

రెడ్డెప్ప వెనక్కి తిరిగాడు. నేను అతని చేతిలో గాలిలోనే ఉన్నాను.

"ఏమిరా, ఆపుతాండావా?"

 ఓబులేసు బావ కళ్ళు చూశాడు, నన్ను చూశాడు. మోకాలి కింది గుంట గుర్తొచ్చి ఉంటుంది.

"మా అక్క మీద ఒట్టు బావా. నేనట్ల ఎప్పుడూ చేయలే."

ఆ అక్క రెడ్డెప్ప భార్య. ఆమె తల మీద ఒట్టు వేశాక ఇక అడిగేదేముంది. రెడ్డెప్ప చరణ్ వైపు తిరిగి, "నీ తప్పు కప్పుకునేదానికి మావాడిని దొంగను చేస్తావా" అన్నాడు. చరణ్ కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతి కింద ఎముక విరిగింది. ఎండిన కంది కట్టె విరిగినట్టు సన్నటి చప్పుడు. ఆ చప్పుడు నా గుండా పోయింది. నాకు నోరుంటే ఆ క్షణాన చెప్పి ఉండేవాణ్ణి. ఇంజను ఆగడం విన్న సాక్షిని నేనొక్కడినే. ఆ సాక్షినే ఎత్తి కొట్టాడు.

మర్నాడు రెడ్డెప్ప ఊళ్ళో మీసం మీద చెయ్యి వేసుకొని తిరిగాడు. కేసు పెడతారని ఎవరో అంటే, "పెట్టనీ. ఈసారి నేనే పక్కన కూర్చొని పోతా. బ్రేకు ఫెయిలయ్యేది సెల్లులో తీసి జడ్జికే చూపిస్తా" అన్నాడు.

అట్లా మళ్ళీ లోడు కట్టారు. మిట్టమధ్యాహ్నం. ఓబులేసు పొద్దుటినుంచి నీళ్ళు తాగుతూనే ఉన్నాడు. కోవా అంగళ్ళు దాటాయి. ఇంజను ఆగలేదు. మొదటి మలుపు, రెండో మలుపు. రెడ్డెప్ప సెల్లు పెడల్ వైపు పెట్టి పట్టుకున్నాడు. బ్రేకు చక్కగా పడుతోంది. కొంతసేపటికి చెయ్యి నొప్పి పుట్టి సెల్లు దించేశాడు. కాళ్ళు చాపుకున్నాడు.

"ఆ సర్వీసోళ్ళు ఎట్లన్నా పోనీ. నీ చెయ్యి మాత్రం చెయ్యేరా. మైలేజీ తీస్తే నువ్వే తీయాల" అన్నాడు.

ఆ మాట ఓబులేసు చెవిలో పడిందో, నేరుగా చేతిలోనే పడిందో. చెయ్యి తనంతట తాను తాళం దగ్గరికి పోయింది. తిప్పింది.

అదురు ఆగింది. గరగర, కిర్రు.

 "బండి ఎందుకు మూగబోయిందిరా" అన్నాడు రెడ్డెప్ప, చిన్నగా.

ఓబులేసు తన చెయ్యి తనే చూసి బెదిరాడు. బ్రేకు తొక్కాడు, మళ్ళీ తొక్కాడు. పెడల్ రాయయింది. తాళం తిప్పితే సెల్ఫ్ పట్టలేదు. ముందు మలుపు, దాని పక్కన రాళ్ళ పిట్టగోడ, దాని అవతల లోయ. బండి వడి అందుకుంది.

"గేరెయ్యి" అన్నాడు రెడ్డెప్ప. "రెండో గేరెయ్యి, క్లచ్చి వదులు."

వేశాడు. ఇంజను గొంతు పిసికినట్టు కేక పెట్టి బతికింది. బండి ముందుకు మొగ్గి, పిట్టగోడను ముక్కుతో పొడిచి ఆగింది. రెండు రాళ్ళు లోయలోకి పోయాయి. వెనక పెట్టెల నుంచి టమాటా రసం కారి రోడ్డు మీద పడుతోంది.

రెడ్డెప్ప దిగాడు. అవతలి పక్కకు వచ్చి, బామ్మర్దిని చొక్కా పట్టి కిందికి లాగి, సీటు కింద నుంచి నన్ను తీశాడు. తాళం తిప్పిన చెయ్యి మీదే వేశాడు. మోచేతి కింద, అదే ఎముక, అదే చప్పుడు. ఓబులేసు చక్రానికి ఆనుకొని కూలబడ్డాడు. రెడ్డెప్ప నన్ను మళ్ళీ ఎత్తాడు. ఈసారి తల మీదికి. చేతి పట్టులో తేడా ఉంటుంది. విరగ్గొట్టే పట్టు వేరు, చంపే పట్టు వేరు. నాకు తెలుసు.

"మీ అక్క తల మీద ఒట్టేస్తివి గదరా."

"వేస్తి" అన్నాడు ఓబులేసు. ఏడవలేదు. "కొట్టు బావా. కానీ మైలేజీ మైలేజీ అని పదిమందిలో పొగిడింది ఎవరు? యాడనుంచి వస్తాందని ఒక్కనాడన్నా అడిగితివా?"

నేను పైనే ఉండిపోయాను. ఎంతసేపో చెప్పలేను. ఒక లారీ పక్కనుంచి దిగిపోయింది, క్లీనరు తల బయటపెట్టి చూశాడు. రెడ్డెప్ప చేతి పట్టు మళ్ళీ మారింది. అతను ఒక్కసారి వెనక్కి తిరిగి, ఉన్న బలమంతా పెట్టి నన్ను లోయలోకి విసిరాడు. నా మీద అంత బలం ఎవరూ ఎన్నడూ పెట్టలేదు.

ఇక్కడ నేను ఒంటరిని కాను. పగిలిన అద్దాల పెంకులు, ఒక బస్సు బంపరు, ఎవరిదో చెప్పు, ఏనాడో పడిన లారీ పక్కటెముకలు. కొన్నాళ్ళకు రెడ్డెప్ప ఒక పోలీసాయనతో పైకి వచ్చి నిలబడ్డాడు.

"ఈడనే పారేసినా సార్. కొట్టింది నేనే, ఆ సర్వీసు పిల్లోడి తప్పేం లేదని రాసుకోండి."

పోలీసాయన నాలుగడుగులు దిగి, ముళ్ళు చూసి, ఎండ చూసి, ఎక్కిపోయాడు. "ఏదో ఒక స్పానరు తెచ్చి పెడదాంలేప్పా. కోర్టుకు ఏం తెలుస్తాది" అన్నాడు. అట్లా ఏ పాపమూ ఎరగని స్పానరు ఒకటి, మెడలో చీటీ కట్టుకొని, నా బదులు కోర్టులో నిలబడి ఉంటుంది.

పడుకొని పైచప్పుళ్ళు వింటాను. చాలా బండ్లు గురగురమంటూ దిగుతాయి. కొన్ని ఉత్త గరగరతో దిగుతాయి. అవి రోజూ ఉంటాయి. విన్నప్పుడల్లా, పక్కకు కొంచెం చోటిచ్చినట్టు ఒత్తిగిలి పడుకోవాలనిపిస్తుంది.

మొన్న రెండో గేరులో అరుచుకుంటూ ఒక పికప్ దిగింది. ఆ గొంతు నాకు తెలుసు. సరిగ్గా మలుపులో ఇంజను ఆగింది. నేను చల్లబడిపోయాను. గరగర మాత్రం వినిపించలేదు. బండి నిలిచి ఉంది.

"రొంతసేపు ఉండనీ బావా, బ్రేకు డ్రమ్ములు కాలతాండాయి" అన్న మాట వినిపించింది. చక్రం కింద రాయి పెట్టిన చప్పుడు.  కాసేపటికి బండి స్టార్టయింది. అందరూ రాయిని రోడ్డు మీదే వదిలిపోతారు. ఓబులేసు దాన్ని ఎడమచేత్తో తీసి, పిట్టగోడ మీదుగా కిందికి వదిలాడు.

అది దొర్లుకుంటూ వచ్చి నన్ను తాకింది. టంగుమన్నాను. చాన్నాళ్ళ తర్వాత నా గొంతు నేను విన్నాను.

పైన అడుగులు ఆగాయి.

"బావా, మన స్పానరు. ఈడనే ఉంది."

 ఇంజను తిరుగుతూనే ఉంది.

"ఉండనీ" అన్నాడు రెడ్డెప్ప. "ఎక్కు."